ప్రామాణిక భాస్కరం

ఆ ఏడు ప్రభుత్వానికి ఉన్నట్టుండి ఒక సంగతి తెలిసింది. రాష్ట్రంలో వరదలకీ, కరువుకీ, విషజ్వరాలకీ, ఆర్టీసీ సమ్మెలకీ, పదో తరగతి ఫలితాలకీ అన్నిటికీ మూలం ఒకటేనట. సమతుల్యత లేకపోవడం. ఒంట్లో వాతం, పిత్తం, కఫం సమంగా ఉంటే మనిషి బాగుంటాడు. బయట గాలి, ఎండ, నీరు సమంగా ఉంటే ప్రకృతి బాగుంటుంది. మనిషీ ప్రకృతీ బాగుంటే ప్రభుత్వానికి ఢోకా ఉండదు. ఈ ముక్క ఎవరు ఎవరి చెవిలో ఊదారో తెలియదు కాని, వారం తిరక్కుండా ‘సమతుల్య సంవత్సరం’ ప్రకటించేశారు. జీవో కూడా వచ్చేసింది. వచ్చాక దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్న ప్రశ్న వచ్చింది.

ఆరోగ్య శాఖ వారు ఇందులో ప్రకృతి ఉంది కాబట్టి అడవుల శాఖ చూసుకోవాలన్నారు. అడవుల శాఖ వారు ఇందులో కఫం ఉందనీ, తమ చెట్లు దగ్గవనీ రాసి పంపారు. ఆయుర్వేదం వారు సంతోషంగా ఒప్పుకునేవారే, కాని వాళ్ళకి జీపు లేదు. ఫైలు ఇలా గుమ్మం గుమ్మం తిరుగుతూ ఉండగా, సచివాలయంలో తెలుగు ఎమ్మే చదివిన ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, “సమతుల్యత అన్న మాటని విరిచి చూడండయ్యా. లోపల ఏముంది? తుల ఉంది. తుల అంటే త్రాసు. త్రాసులు ఎవరివి?” అని అడిగాడు.

త్రాసులు తూనికలు, కొలతల శాఖవి. అక్కడితో చర్చ ముగిసింది. బజారులో తప్పుడు తూకాలు పట్టుకోవడం తప్ప వేరే పాపం ఎరగని ఆ చిన్న శాఖ మీద మనుషుల ఆరోగ్యం, బంగాళాఖాతం, ఋతువులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

రాయవలసలో ఆ శాఖ వారి ఆఫీసు ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉంది. అందులో ఇన్‌స్పెక్టరు పిన్నింటి భాస్కరం. చేపల బజారు నుంచి బంగారం కొట్ల దాకా ఆ ఊళ్ళో త్రాసులన్నీ ఆయన చేతిమీదుగా ముద్ర పడ్డవే. నెమ్మదైన మనిషి. ఆయనకి కోపం రాగా చూసినవాళ్ళు రాయవలసలో లేరు. నవ్వగా చూసినవాళ్ళు ఉన్నారేమో కాని, గట్టిగా చెప్పలేరు. పొద్దున్న వస్తాడు, రాళ్ళు తూస్తాడు, ముద్రలు వేస్తాడు, సాయంత్రం మెస్సులో ఏది పెడితే అది తిని గదికి పోతాడు. ఉప్పెక్కువైందని కాని, పప్పు ఉడకలేదని కాని ఒక్క మాట అనడు.

ఆయనకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే. అనకాపల్లికి బదిలీ. అక్కడ ఆయన భార్య హైమావతి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఉన్న ఊరికి ఈయన్ని వెయ్యలేదు, ఈయన ఉన్న ఊరికి ఆవిడని వెయ్యలేదు. వాళ్ళ కాపురం చాలా భాగం ఆర్టీసీ కాంప్లెక్సుల్లో జరిగిపోయింది. ఇన్నాళ్ళకి దంపతుల కోటాలో భాస్కరం పేరు వచ్చింది. అనకాపల్లిలో ఖాళీ కూడా ఉంది. బదిలీ కాయితం టైపు చేసి డిప్యూటీ కంట్రోలర్ బల్ల మీద పెట్టారు. ఇంక ఆయన సంతకం ఒక్కటే తరువాయి. సరిగ్గా ఆ వారమే జీవో దిగింది.

డిప్యూటీ కంట్రోలర్ నిష్ఠల విశ్వపతిగారు వెంటనే మీటింగు పెట్టారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదు. ఆఫీసులో మాత్రం ఉత్తర్వు చదువుతున్నట్టే మాట్లాడతారు.

“సోదర ఉద్యోగులారా, ఇంతవరకు మనము జీవము లేని త్రాసులను పరీక్షించితిమి. నేడు ప్రభుత్వము వారు మానవుడను సజీవమైన త్రాసును మనకు అప్పగించియున్నారు. మానవునియందు వాత పిత్త కఫములను మూడు దోషములు సమముగా ఉండవలెను. ఉన్నవానికి ముద్ర. లేనివానికి నోటీసు.”

భాస్కరం మెల్లగా చెయ్యెత్తాడు. “సార్, మన రూల్సు ప్రకారం దోషం ఉన్న త్రాసుని జప్తు చేస్తాం కదండీ. ఇక్కడ మూడేసి ఉండాలంటున్నారు.”

“మంచి ప్రశ్న. త్రాసుకు దోషమున్నచో జప్తు. మనిషికి దోషము లేనిచో జప్తు. ఈ భేదమును సిబ్బంది యావన్మందీ గుర్తుంచుకొనవలెను.”

అందరూ గుర్తుంచుకుంటామన్నట్టు తలలూపారు. తరవాత అసలు చిక్కు బయటపడింది. సమంగా ఉన్నాయో లేదో దేనితో పోల్చి చూడాలి? కిలో రాయి సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఆఫీసు బీరువాలో మఖమల్ గుడ్డలో పెట్టిన ప్రామాణిక కిలో ఉంది. దాన్ని చేత్తో ముట్టుకోరు. చెమట అంటితే బరువు మారుతుంది. మరి మనిషిని పోల్చడానికి బీరువాలో ఏముంది?

“ఏమియు లేదు. కావున, ఒక ప్రామాణిక మనిషిని సంపాదించవలసియున్నది,” అన్నారు విశ్వపతిగారు.

నాడి చూడటంలో పేరున్న వైద్యులు శేషావతారంగారిని జీపు పంపి పిలిపించారు. ఆయన జిల్లాలో ఉన్న ప్రభుత్వోద్యోగులందరినీ వరసలో నిలబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి చూశారు. చూపుడు వేలి కింద వాతం, నడిమి వేలి కింద పిత్తం, ఉంగరపు వేలి కింద కఫం తెలుస్తాయట. తాసిల్దారు నాడి ఉరకలేసింది. ట్రెజరీ ఆఫీసరు నాడి ఎంత వెతికినా దొరకలేదు. విశ్వపతిగారి నాడి పట్టుకుని వైద్యులు రెండు చేతులూ మార్చి చూసి, “తరవాతివారు” అన్నారు. భాస్కరం వంతు వచ్చింది. మూడు వేళ్ళ కిందా ఒకే కొట్టుడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

శేషావతారంగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. “నలభయ్యేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటి నాడి చూళ్ళేదండీ. ఈయన్ని జాగ్రత్తగా చూసుకోండి,” అన్నారు.

విశ్వపతిగారు అదే క్షణంలో బల్ల మీది బదిలీ కాయితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

“సార్, అది నా అనకాపల్లి కాయితం అండి.”

“భాస్కరంగారూ, ప్రమాణమును ఎవరైనను బదిలీ చేయుదురా? ప్రమాణము కదలదు. లోకమే వచ్చి దానితో సరిచూచుకొనును. మీ జన్మ ధన్యము.”

ఆఫీసులో ఒక మూల బ్యాంకు క్యాషియరు గదిలా అల్యూమినియం చట్రాలు బిగించి, చుట్టూ అద్దాలు పెట్టించి, భాస్కరాన్ని అందులో కూచోబెట్టారు. తిండీ నిద్రా కూడా అక్కడే. పైన ‘ప్రామాణిక మనిషి – తాకరాదు’ అని బోర్డు రాయించారు. నాడి చూడాలన్నా మణికట్టు మీద మఖమల్ గుడ్డ కప్పి చూడాలి. చలవ చేసేవీ, వేడి చేసేవీ బంద్. ఉప్పు సగం, కారం సున్నా. పేపరు ఇచ్చేవారు కాని, అందులో సినిమా పేజీ, క్రికెట్ పేజీ కత్తిరించి ఇచ్చేవారు. వార్త వింటే వాతం కదులుతుందని సెల్‌ఫోను తీసేసుకున్నారు. జుట్టు పెరిగితే మంగలిని పిలిచారు కాని, కత్తిరించిన జుట్టుని పొట్లం కట్టి సీలు వేసి ఆయన పక్కనే పెట్టారు. ఎందుకంటే శాఖ దృష్టిలో అది కూడా భాస్కరమే.

మొదటి కబురు బజారుకి వెళ్ళింది. త్రాసు పట్టిన చెయ్యి త్రాసులో భాగమే కనుక, తూకం వేసే ప్రతి మనిషీ ఆఫీసుకి వచ్చి తన ఒంటికి కూడా ముద్ర వేయించుకోవాలి. లేకపోతే వ్యాపారం చెయ్యకూడదు. మర్నాటికి ఎరువుల దుకాణం మెట్ల మీద నుంచి సినిమా హాలు దాకా లైను కట్టారు. ఒక ఇన్‌స్పెక్టరు భాస్కరం నాడి, ఇంకో ఇన్‌స్పెక్టరు వచ్చినవాడి నాడి పట్టుకుని ‘టక్, టక్’ అని గట్టిగా చెప్పేవారు. రెండు టక్కులూ కలిస్తే భుజం మీద ముద్ర. కలవకపోతే నోటీసు. చాలామందికి కలవలేదు. కలిసిన ఒకరిద్దరు నిద్రపోతున్నారని తరవాత తెలిసింది.

చేపలమ్మే పైడితల్లి గంప దించి లోపలికి వచ్చింది. “నా తాసుకి ముద్దరుంది బాబూ. మొన్నే కదేటి ఈ బాస్కరం బాబే ఏసినాడు.”

“నీ త్రాసునకు కలదు. నీకు లేదు,” అన్నారు విశ్వపతిగారు.

“నాకేల ముద్దర? నానేటి ఎద్దునా?”

టక్కులు కలవలేదు. పైడితల్లి నాడి మూడు కొట్టేలోపు భాస్కరం నాడి ఒకటి కొట్టింది. విశ్వపతిగారు పెదవి విరిచి, “ఈమెయందు పిత్తము అధికము. వ్యాపారము నిలిపివేయుడు,” అన్నారు.

“అదికమే బాబూ, కాదన్నానేటి? పిత్తం లేపోతే సేపలెవుడు కొంతాడు? గొంతు సించుకుని పిలిస్తేనే కదా పది మంది ఒస్తారు. నువ్వొచ్చి నా గంప కాడ ఒక్క పూట కూకో. ఎండకీ, ఈగలకీ, బేరాలాడే ఓళ్ళకీ నీకూ ఒస్తాది పిత్తం.” తరవాత ఆమె అద్దం దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసింది. “నువ్వేటి బాబూ, అద్దాల బీరువాలో బొమ్మలాగ కూకున్నావు? నీ మూలానే కదా నా గంపకి ఈ గతి?”

భాస్కరం తల దించుకున్నాడు. నిజానికి ఆయనకి సిగ్గేసింది, జాలేసింది. కాని ఆ రెండూ లోపలే ఉండిపోయాయి. బయటికి వస్తే నాడి మారుతుందని అక్కడ ముగ్గురు కాపలా ఉన్నారు.

శరీరం సంగతి ఒక దారిన పడిందనుకుని విశ్వపతిగారు ప్రకృతి మీదికి మళ్ళారు. దానికీ ప్రమాణం భాస్కరమే. వేరే ప్రమాణం కొనడానికి బడ్జెట్ లేదు. ఎండ భాస్కరం ఒంటి వేడిని మించితే పిత్తాధిక్యత కింద నమోదు చేశారు. చెరువులు భాస్కరం కన్నా చల్లగా ఉన్నాయని చేపల శాఖకి తాఖీదు పంపారు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఇది వాతాధిక్యత తప్ప మరొకటి కాదనీ, మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తగు గడువులోగా తెలుపుకోవలసిందనీ వాయుగుండానికి షోకాజ్ నోటీసు తయారైంది. అటెండరు డిల్లేసు దాన్ని పట్టుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. గడువు అయ్యేదాకా ఆగకుండా వాయుగుండం అదే రోజు తీరం దాటింది. గాలికి నోటీసు డిల్లేసు చేతిలోంచి ఎగిరిపోయింది. ‘ప్రతివాది నోటీసును స్వయముగా స్వీకరించెను’ అని ఫైల్లో రాశారు.

ఆ గాలివానకి కిటికీ రెక్క ఊడి, రెండు రోజులు వాన జల్లు అద్దాల గదిలోకి కొట్టింది. మూడో నాటికి భాస్కరానికి రొంప పట్టింది. ముక్కు కారుతోంది, గొంతు బొంగురుపోయింది, తుమ్ము మీద తుమ్ము. ఆయన ఆనందం పట్టలేక అద్దం మీద దబదబా కొట్టాడు.

“సార్! నాకు కఫం పెరిగిపోయిందండీ! ఇంక నేను సమంగా లేను. పనికిరాను. ఆ కాయితం ఒక్కసారి జేబులోంచి తీసి సంతకం పెట్టెయ్యండి సార్, దణ్ణం పెడతాను.”

విశ్వపతిగారు నింపాదిగా కుర్చీ లాక్కుని అద్దం ముందు కూచున్నారు. “భాస్కరంగారూ, మీరు అనుభవజ్ఞులు. ప్రామాణిక కిలోను ఇతరములైన కిలోలతో తూచినపుడు అది తేలికగా తూగినదనుకొందము. అపుడు ప్రామాణిక కిలో తగ్గినదందుమా?”

“అనమండి. ప్రామాణిక కిలో ఎప్పుడూ కిలోయే. మిగతావి పెరిగాయంటాం,” అన్నాడు భాస్కరం. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

“చూచితిరా. మీకు కఫము పెరుగలేదు. జిల్లాకు కఫము తగ్గినది.”

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెళ్ళింది. జిల్లా ప్రజల్లో కఫం ప్రమాదకరంగా పడిపోయిందనీ, తక్షణం పెంచుకోవాలనీ దాని సారాంశం. ముద్ర కావలసినవాళ్ళందరూ తలారా చన్నీళ్ళు పోసుకుని తడి బట్టల్తో వీధి అరుగుల మీద కూచున్నారు. అరటిపండు మీద పెరుగు, పెరుగు మీద పుల్ల ఐసు తిన్నారు. కిరాణా కొట్టు బంగారయ్య గారు ఎంత ప్రయత్నించినా రొంప పట్టక, పట్టినవాళ్ళ పక్కన పడుక్కున్నారు. లైనులో గట్టిగా తుమ్మినవాణ్ణి అందరూ అసూయగా చూసేవారు. ఆసుపత్రిలో తగ్గుతున్నవాళ్ళు తగ్గిందని చెప్పకుండా దాచుకున్నారు.

భాస్కరం రొంప తగ్గింది. అప్పటికి జిల్లాకి పట్టింది. మళ్ళీ అందరూ ఫెయిలయ్యారు.

ఇలా కాదని, భాస్కరం డిల్లేసుని బతిమాలి చాటుగా మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాడు. చప్పిడి తిండికి అలవాటు పడ్డ నాలిక మంటెత్తిపోయింది. కళ్ళంట నీళ్ళు, ఒళ్ళంతా చెమటలు, చెవుల్లోంచి ఆవిర్లు. నాడి గుర్రంలా పరిగెత్తింది. పరీక్షకి వచ్చినవాళ్ళందరి దగ్గరా పిత్తం చాలలేదని తేలింది. వారం రోజుల్లో ఆఫీసు కింద బజ్జీల బళ్ళు వరసగా వెలిశాయి. పైడితల్లి పిత్తంతో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి భాస్కరానికి కడుపు చల్లబడిపోయింది. పాపం ఆమె గంప మళ్ళీ బోర్లించే ఉంది.

ఒక మధ్యాహ్నం పుల్ల పెట్టి ముక్కు గెలుక్కుని తుమ్మబోతూ భాస్కరం సగంలో ఆగిపోయాడు. ఏం చేసినా అదే సరి అవుతోంది. పిచ్చెక్కినట్టు గంతులేస్తే జిల్లా అంతా గంతులెయ్యాలంటారు. ఊపిరి బిగబడితే జిల్లాని ఊపిరి బిగబట్టమంటారు. తప్పు చెయ్యడానికి వీలు లేని మనిషికి ఇంక బయటపడే దారి ఏముంటుంది? ఆయనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే జిల్లా అంతా ఏడవాలంటారని మింగేశాడు.

అక్కడ అనకాపల్లిలో హైమావతి ఫోను చేసి చేసి విసిగిపోయింది. బదిలీ వస్తుందన్న మనిషి రాలేదు, ఫోను ఎత్తలేదు, ఆదివారాలు కూడా కనబడటం మానేశాడు. ఇంక ఆగలేక స్కూలుకి సెలవు పెట్టి రాయవలస బస్సెక్కింది. ఆఫీసు మెట్లెక్కేసరికి లైన్లో నిలబడమన్నారు. నిలబడింది. ఆవిడ వంతు వచ్చింది. అద్దం వెనక మొగుణ్ణి చూసింది.

భాస్కరం కూడా చూశాడు. మఖమల్ గుడ్డ మీద వేళ్ళు పెట్టిన ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు.

“సార్, నాడి ఎగిరి పడుతోందండీ! ప్రమాణం కదిలిపోతోంది!”

“ఇదేవిటండీ?” అంది హైమావతి. ఆ గొంతు రోజూ అరవై మంది ఆడపిల్లల్ని ఒక్కసారి కూచోబెట్టే గొంతు. “మా ఆయన్ని బీరువాలో పెట్టారేవిటండీ మీరు?”

విశ్వపతిగారు లేచి నిలబడ్డారు. “అమ్మా, మీరు అదృష్టవంతులు. మీ భర్తగారు సామాన్యులు కారు. రాగద్వేషములు, సుఖదుఃఖములు సమముగా తూగుచున్న ఏకైక వ్యక్తి ఈ జిల్లాలో వారే.”

హైమావతి ఒక్క క్షణం ఆయన వంక చూసి పకపకా నవ్వింది. “ఈయనా? ఈయనకి సమంగానా? పులుసు నచ్చకపోతే కంచం ముందు నుంచి లేచి వీధిలోకి పోయే మనిషండీ ఈయన. సినిమాలో కుక్కపిల్ల తప్పిపోతే హాల్లో వెక్కి వెక్కి ఏడిచేరు, పక్క సీటు వాళ్ళు మంచినీళ్ళిచ్చారు. నేను ఒక మాటంటే నాలుగంటారు. ఏవండీ, చెప్పరేం? నిజవా, కాదా?”

“నిజమే హైమా,” అన్నాడు భాస్కరం. అద్దాల తలుపు గడియ తీసుకుని బయటికి వచ్చాడు. ఆ తలుపుకి గడియ లోపలి వైపునే ఉంది. ప్రమాణం తనంతట తాను లేచి బయటికి నడుస్తుందని ఎవరూ అనుకోలేదు, తాళం పెట్టలేదు. ఇన్నాళ్ళూ అది భాస్కరానికి కూడా తోచలేదు.

“సార్, నేనొక్క మాట చెప్తాను. మీరు త్రాసులు చూసిన మనిషే. రెండు పళ్ళేల్లోనూ ఏమీ లేకపోతే ముల్లు ఎక్కడ నిలబడుతుందండీ?”

“మధ్యను నిలబడును.”

“ఈ ఊళ్ళో నేను అదే సార్. నాకు కోపం వచ్చినా, నవ్వొచ్చినా, అన్నీ ఈవిడ దగ్గరే. అవన్నీ అనకాపల్లిలో ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ఖాళీ త్రాసు. వైద్యులుగారు దాని ముల్లు చూసి తూకం అనుకున్నారు. నాకు ఇంక చేతకాదు సార్. నేను మా ఇంటికి పోతాను. మా ఆవిడతో ఉంటాను.”

“అది కేవలము సాంకేతిక వివరము!” అని విశ్వపతిగారు అడ్డం వచ్చారు. ఇంతలో హైమావతి మొగుడి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, తాకవలదు! గుడ్డ! గుడ్డ వేసి పట్టుకొనుడు! చెమట అంటును!” అని ఆయన కేకలు వేస్తూనే ఉన్నారు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి, లైను పక్కనుంచి నడిచి, కాంప్లెక్సుకి వెళ్ళి అనకాపల్లి బస్సెక్కేశారు. కత్తిరించిన జుట్టు పొట్లం మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది.

విశ్వపతిగారు ఆ పొట్లాన్ని కుర్చీ మీద పెట్టి రెండు రోజులు పరీక్షలు నడిపించారు. జుట్టుకి నాడి దొరకలేదు. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ప్రమాణం పోయిందని రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది. ప్రమాణం కదలదని ఆయనే రాసి ఉన్నారు. ఆలోచించి ఆలోచించి చివరికి, ప్రామాణిక మనిషి ఉన్నచోటనే ఉన్నాడనీ, జిల్లాయే ఆయన దగ్గర నుంచి దూరంగా జరిగిపోయిందనీ నివేదిక పంపారు. సర్వే శాఖ వారు మాత్రం హద్దురాళ్ళు చూసుకుని, తాము ఎక్కడికీ జరగలేదని కొంత పేచీ పెట్టారు.

ఏదేమైనా రీడింగు తీసుకోక తప్పదు. విశ్వపతిగారు జీపులో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లనీ, మఖమల్ గుడ్డనీ వేసుకుని అనకాపల్లి వెళ్ళారు. హైమావతి ఇంటి గేటు ముందు జీపు ఆగేసరికి లోపల్నుంచి కేకలు వినిపించాయి.

“పులుసులో బెల్లం వెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?”

“అనకాపల్లిలో ఉంటూ బెల్లం వద్దంటే నలుగురూ నవ్వుతారు!”

“నవ్వితే నవ్వనీ! పులుసు అనుకున్నావా, పానకం అనుకున్నావా?”

“పానకవే! తాగండి! ఇన్నాళ్ళూ ఆ మెస్సులో గడ్డి తిన్నారు కదా, అప్పుడు లేవలేదేం నోరు?”

కంచం చప్పుడైంది. ఎవరో విసురుగా లేచారు. తరవాత హైమావతి ఏదో గొణిగింది, భాస్కరం ఫక్కున నవ్వాడు, ఆవిడా నవ్వింది. కిటికీలోంచి చూస్తే భాస్కరం అదే కంచం ముందు మళ్ళీ కూచుని అదే పులుసు రెండోసారి పోయించుకుంటున్నాడు. రాయవలసలో ఆయన మొహం అలా ఉండగా ఎవరూ చూడలేదు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

“సార్, ఇప్పుడు ఏం రాయమంటారు? ఆయన సమంగా లేడని రాయమంటారా?” అని ఒకాయన గుసగుసగా అడిగాడు.

విశ్వపతిగారికి ముచ్చెమటలు పట్టాయి. కాని సూత్రం సూత్రమే. “ప్రమాణము ఎట్లుండిన అదియే సమము. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు,” అన్నారు.

జిల్లాకి కొత్త ఉత్తర్వు వెళ్ళింది. ‘ప్రామాణిక మనిషి ప్రస్తుతము భార్యతో పోట్లాడుచు, నవ్వుచు, పులుసు రెండు పర్యాయములు వేసికొనుచున్నాడు. ప్రజలు యావన్మందియు తదనుగుణముగా సర్దుకొనవలెను.’ మొదటిసారిగా జిల్లాలో ఎవరికీ సర్దుకోవలసిన అవసరం రాలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పాసయ్యారు. పైడితల్లి ఆ పొద్దున్నే మొగుణ్ణి తిట్టి, అతనికి చేప తల వండిపెట్టి వచ్చింది. భుజం మీద ముద్ర వేసిన ఇన్‌స్పెక్టర్ని, చీర పాడు చేశావని ఇంకో నాలుగు తిట్టి, గంపెత్తుకుని బజారుకి పోయింది.

చిక్కల్లా ఉద్యోగస్తుల దగ్గర వచ్చింది. భార్య ఒక ఊళ్ళో, భర్త ఒక ఊళ్ళో ఉంటే ప్రమాణం ప్రకారం పోట్లాడటం ఎలా? ఫోన్లో పోట్లాడితే చెల్లదని శాఖ తేల్చేసింది. పులుసు ఫోన్లో వడ్డించలేరు కదా. దాంతో ఎన్నో ఏళ్ళుగా మూలుగుతున్న దంపతుల బదిలీలన్నీ, సమతుల్య సంవత్సరం సాఫల్యం కోసం, ఒక్క కలం పోటుతో మంజూరు చెయ్యవలసి వచ్చింది. వాటిలో అన్నిటికన్నా ముందు సంతకం పెట్టింది భాస్కరం కాయితం మీద. నాలుగు మడతలూ విప్పి, ఇస్త్రీ చేయించి పెట్టారు.

చివరి సంతకం విశ్వపతిగారు తన కాయితం మీద తానే పెట్టుకున్నారు. పదిహేనేళ్ళుగా ఆయన శ్రీమతి విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉంటున్నారు. ఉత్తర్వుని అనుసరించి త్వరలో తాము అచ్చటికి విచ్చేయుచున్నామని ఆయన కబురు పంపారు. ఆవిడ ఆ రోజే రిజిస్టర్డ్ పోస్టులో శాఖకి అర్జీ పెట్టుకున్నారు. తన ఆరోగ్యం ప్రస్తుతం పూర్తిగా సమతుల్యంగా ఉందనీ, దయచేసి కదిలించవద్దనీ.